అడవిని చూచువాని ఋణము

తినుటకు ధర్మము కలదు. పలుకుటకు ధర్మము కలదు. ఇచ్చుటకును పుచ్చుకొనుటకును ధర్మము కలదని పెద్దలు పసిబిడ్డలకు సైతము చెప్పుచునే యుందురు. చూచుటకు మాత్రము ధర్మాధర్మములు అంటవని లోకము తలచును. చూచినవాడు దేనిని కొనిపోవడు, దేనిని విరువడు, ఎవనిని నొప్పింపడు. కన్నులు తెరచి మరల మూసికొనును, అంతియే కదా యని సామాన్యుల వాదము. ఈ వాదము ఎంతవరకు నిలుచునో తెలిసికొనుటకు చూపే ప్రధానముగా గల ఒక ప్రయాణమును విచారించుట మేలు. నేడు సంపన్నదేశములవారును, వారిని చూచి మన పట్టణములలోని కలిగినవారును ఆఫ్రికా ఖండమునందలి దూరపుటడవులకు పోవుచున్నారు. వర్తకమునకు కాదు, చుట్టరికమునకు కాదు, మ్రొక్కుబడికి కాదు. ఏనుగును, సింహమును, మనుష్యుడు లేని మైదానమును కన్నులార చూచి వచ్చుటకే పోవుచున్నారు.

అట్టి అడవులలో కిడెపో లోయ జాతీయోద్యానము ఒకటి. ఉగాండా దేశపు ఈశాన్యమూలన, కరమోజా యను మెట్టప్రాంతమున, దక్షిణ సూడాను ఎల్లను ఆనుకొని ఇది యున్నది. వైశాల్యము 1,442 చదరపు కిలోమీటర్లు. రాజధానియైన కంపాలా నుండి రోడ్డుమార్గమున ఐదువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. పైకము గలవారు చిన్న విమానములలో వచ్చి నేరుగ ఉద్యానములోనే దిగుదురు. తక్కినవారు జీపులలో దుమ్ము మ్రింగుచు, దారిలో మజిలీ చేసి చేరుదురు. గొరిల్లాల కొరకు బ్విండి అడవికి పోవువారితోను, నైలునది దుముకు మర్చిసన్ జలపాతములకు పోవువారితోను పోల్చినచో ఇచ్చటికి వచ్చువారు కొద్దిమందియే. ఆ కొద్దితనమే ఈ స్థలపు ఖ్యాతికి కారణమైనది. పేరుమోసిన అడవులలో ఒక్క సింహము చుట్టును పది వాహనములు మూగియుండగా, కిడెపోలో సింహమునకును యాత్రికునకును నడుమ మూడవవాడు ఉండడని చెప్పుకొందురు.

ఉద్యానమున రెండు లోయలున్నవి. దక్షిణమున నారుస్, ఉత్తరమున కిడెపో. నారుస్ లోయలో ఏటికి సుమారు 890 మిల్లీమీటర్ల వాన కురియగా, కిడెపో లోయకు దక్కునది సుమారు 640 మిల్లీమీటర్లే. కిడెపో నది యనునది సంవత్సరములో అధికభాగము ఇసుకబాట; వానలు కురిసిన దినములలో మాత్రమే పారి, ఉత్తరముగా సూడాను వైపునకు పోవును. చుట్టును కొండలు. వానిలో మొరుంగోలె పర్వతము 2,700 మీటర్లకు పైబడిన ఎత్తున నిలిచియున్నది. వేకువను వెలుగు కొండలపైనుండి దిగివచ్చునప్పుడు ఎండుగడ్డి మైదానమంతయు కోతకు వచ్చిన జొన్నచేని రంగు దాల్చును. అందు వందలకొలది అడవిదున్నలు ఒకే మందగా కదలుచుండును. ఏనుగులు, జిరాఫీలు, చారలగుఱ్ఱములు, పలుజాతుల లేళ్ళు కలవు. చీతా, నిప్పుకోడి యను రెండును ఉగాండా జాతీయోద్యానములలో ఇచ్చటనే కానవచ్చునని ప్రసిద్ధి.

ఈ దర్శనము వ్యర్థమని చెప్పుట అన్యాయము. పట్టణమున పుట్టి, గడియారము చెప్పినట్లు లేచి కూర్చుండు మనుజుడు తన పేరు, తన ఉద్యోగము, తన నిల్వధనము ఏమియు ఎరుగని సింహమొకటి తనవైపు ఒక్కమారు చూచి, విసుగుతో తల త్రిప్పుకొనుటను చూచినప్పుడు, అతనిలో ఏదియో కొంత దిగును. సృష్టి తన కొరకే యను భ్రమ పలుచబడును. పురాణశ్రవణము చేయలేని పనిని ఒక్కొక్కప్పుడు ఏనుగుల మంద చేయును. దీనిని కేవలము డబ్బున్నవారి వినోదమని తీసివేయు ఛాందసులు కలరు. వారెన్నడును అడవి మొగము చూడనివారై యుందురు. కనుక ప్రశ్న, పోదగునా పోరాదా యనునది కాదు. పోయినవాడు చూచుచున్నదేమి? ఆ చూపునకు వెల యిచ్చినదెవరు?

యాత్రికులు కిడెపోకు ఎక్కువగా వచ్చునది ఎండుకాలమున. మన లెక్కను చెప్పవలెనన్న కార్తికము దాటినది మొదలు ఫాల్గుణము ముగియువరకు. అప్పుడు ఉత్తరపు లోయలో నీటిచుక్క దొరకదు. దక్షిణమున నారుస్ లోయలో మాత్రము అక్కడక్కడ మడుగులు మిగిలియుండును. దూరదూరములనుండి దున్నలు, ఏనుగులు, లేళ్ళు ఆ మడుగులను వెదకికొనుచు వచ్చును. వాని వెంట సింహములు వచ్చును. గడ్డి కురుచయై యుండుటచే అన్నియు కంటికి ఆనును. మిట్టమీద కూర్చున్న యాత్రికుడు ఒక్క చూపున వేయి ప్రాణులను చూచి, ఆహా, ఎంతటి సమృద్ధి యని మురియును. నిజమునకు అతడు చూచుచున్నది సమృద్ధి కాదు, కరవు. నీరు సర్వత్ర ఉన్ననాడు ఆ మృగములు ఒకచోట గుంపుగూడవు. తమ తమ దారిని చెదరిపోవును. కొరతయే వానిని ఒకచోటికి తరిమి తెచ్చినది. అడవిని ఎరిగిన రక్షకునకు ఈ సంగతి తెలియును. మూడుదినముల అతిథికి తెలియదు. ఎండుకాలపు కన్నుతో చూచినది సంవత్సరమంతటి సత్యమని అతడు ఇంటికి కొనిపోవును. ఈ చిన్న పొరపాటును గుర్తుంచుకొనవలెను. దీనికి పెద్ద తోబుట్టువు ఒకటి అదే కొండలపై జరిగినది.

అది చెప్పుటకు ముందు లోయ పేరును గూర్చి ఒక మాట. కిడెపో యనునది అచ్చటివారి భాషలోని ‘అకిడెప్’ అను మాట నుండి వచ్చినదని చెప్పుదురు. నేలనుండి ఏరుకొనుట యని దాని అర్థము. ఏరుకొనునవి తాటిపండ్లు. ఆ ఇసుకనది ఒడ్డున తాటిచెట్లు బారులుతీరి యున్నవి. మన పొలముగట్ల తాటికి అవి దాయాదులు, బోదె నడుమ కొంత ఉబ్బియుండుట తప్ప చూపునకు భేదము తక్కువ. ముంజెలకు, పండ్లకు, తేగలకు తాటితోపు పట్టిన బాల్యము గల తెలుగువారికి ఆ లోయ పరాయిదని తోచదు. వ్యాకరణము చదివినవారు ఇచ్చట ఒక సంగతి గ్రహింపవలెను. ఏరుట యను క్రియ ఉన్నప్పుడు కర్త యొకడు ఉండితీరవలెను. నిర్మానుష్యమని పొగడబడు లోయకు పేరు పెట్టినది, వంగి పండ్లు ఏరుకొనుచుండిన మనుష్యుడే.

ఆ కర్త యెవరు? చుట్టుపట్ల డొడోత్ అను పశుపాలకులును, ఇక్ అను చిన్న జాతివారును ఉండిరి. ఇక్ ప్రజలు నేటికిని పదివేల పైచిలుకు మాత్రమే. వారి భాష ఇరుగుపొరుగు భాషలలో దేనికిని చెందక, కూలియాక్ అను అతిచిన్న కుటుంబమునకు చెందినది. జొన్న మొదలగునవి పండించుకొనుచు, తేనె దీయుచు, వేటాడుచు, అడవికాయలు ఏరుకొనుచు వారు బ్రతుకుచుండిరి. ఇటు డొడోత్ వారును అటు కెన్యా వైపున తుర్కానా వారును పశువుల కొరకు ఒకరిపై ఒకరు దాడిచేయుచుండగా, నడుమనున్న ఇక్ ప్రజలు ఆవులను పెంచుకొనుటయే ప్రమాదమని మానుకొనిరి. బ్రిటిషు ప్రభుత్వము 1958లో ఈ లోయను వన్యమృగ సంరక్షితప్రాంతముగ ప్రకటించెను. 1962లో, స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరముననే, అది జాతీయోద్యానమాయెను. లోయలోనుండినవారిని కొండవాలులకును, కాబోంగ్ వైపునకును పంపివేసిరి. నిన్నటివరకు వేట యనబడినది నేటినుండి దొంగవేట యాయెను. నిన్నటివరకు ఏరుట యనబడినది నేడు చొరబాటాయెను. మనుష్యులు మారలేదు, క్రియ మారలేదు, పేరు మాత్రము మారినది.

ఇట్లు చేసినది ఉగాండా యొక్కటియే కాదు. 1872లో అమెరికాలో ఎల్లోస్టోన్ ఉద్యానము ఏర్పడినప్పుడును అచ్చటి ఆదివాసులకు చోటు లేకపోయెను. టాంజానియాలోని సెరెంగెటి మైదానము నుండి మసాయీలను 1959లో ఎంగొరొంగోరో వైపునకు తరలించిరి. మనుష్యుడు అతిథిగ వచ్చి పోవుటయే గాని నిలిచి యుండరాని చోటే అసలైన అడవి యని 1964 నాటి అమెరికా శాసనము నిర్వచనము సైతము చేసెను. ఆ నిర్వచనమున అతిథికి చోటున్నది, ఇంటివానికి లేదు. ఎవరు వ్రాసిన నిర్వచనమో దానిని బట్టియే తెలియును.

ఇక ఆ తోబుట్టువు కథ. 1960 దశకపు నడుమ కాలిన్ టర్న్‌బుల్ అను మానవశాస్త్రజ్ఞుడు ఇక్ ప్రజల నడుమ నివసింపవచ్చెను. ఇతడు లండనున పుట్టి, ఆక్స్‌ఫర్డున చదివి, మన కాశీ హిందూ విశ్వవిద్యాలయమున రెండేండ్లు భారతీయ మత తత్త్వములను అభ్యసించినవాడు. కాంగో అడవులలోని ఎంబూటీలను గూర్చి ప్రేమతో ఒక గ్రంథము వ్రాసి 1961లో ప్రకటించినవాడు. దయలేనివాడని ఇతనిని అనుటకు వీలులేదు. ఇతడు వచ్చిననాటికి వానలు తప్పి, పైరులు మాడి, ఆకలి ఊళ్ళను పట్టుకొనియుండెను. బలహీనుల నోటి కడిని బలవంతులు లాగికొనుటయు, వృద్ధులను పట్టించుకొనకుండుటయు, మూడేండ్లు నిండీనిండని బిడ్డలను తమ తిండి తామే చూచుకొనుడని వెళ్ళగొట్టుటయు చూచితినని వ్రాసెను. 1972లో ఆ గ్రంథము వెలువడినది. ఇక్ ప్రజలకు ప్రేమ లేదు, పంచుకొనుట లేదు, మానవత్వమనునది ఇంకిపోయినది, ఇదియే వారి సంస్కృతి యని దాని తాత్పర్యము. అంతటితో ఆగక, వారిని పదేసి మందికి మించని గుంపులుగ విడదీసి దూరదూరములకు చెదరగొట్టుట మంచిదని ప్రభుత్వమునకు సలహా నిచ్చెను. ఒక జాతిని రూపుమాపుడని చెప్పుట తప్ప ఇది వేరొకటి కాదు. 1975లో పీటర్ బ్రూక్ అను దర్శకుడు పారిసు నగరమున ఈ కథను నాటకముగ ఆడించెను. కొండమీది ఆకలి నగరములలో కళయై ప్రదర్శింపబడినది.

లోయ మూతపడుట వారి దుర్దశకు కారణమని టర్న్‌బుల్ కూడ ఎరుగును, వ్రాసెను కూడ. ఐనను కారణము నెరిగియు కార్యమును స్వభావమని భ్రమించెను. ఇదియే విచిత్రము. 1985లో బెర్న్‌డ్ హైనె అను జర్మను భాషాశాస్త్రజ్ఞుడు, ఇక్ భాషను అభ్యసించినవాడు, ఈ గ్రంథమును ఖండించెను. టర్న్‌బుల్‌నకు వారి భాష చాలినంత రాదనియు, అతనికి సంగతులు చెప్పినవారిలో కొందరు ఇక్ జాతివారే కారనియు, ఇక్ ప్రజలు కేవలము వేటగాండ్రు గాక ప్రధానముగ సేద్యగాండ్రనియు అతడు చూపెను. సేద్యగాండ్రైనచో అడవి పోయిన నష్టమేమి యని కొందరు అడుగవచ్చును. మెట్టసేద్యము నెరిగినవారు ఆ ప్రశ్న అడుగరు. పండిన ఏట అడవి కూరకు, తేనెకు మాత్రమే. పంట పోయిన ఏట అడవియే గాదె. గాదెకు తాళము పడినది, ఆ పిమ్మట వాన తప్పినది.

ఎండుకాలపు అతిథి నీటిమడుగువద్ద గుమిగూడిన మృగములను చూచి కొరతను కలిమి యనుకొనెను. ఎండుకాలపు పండితుడు అదే కొండపై మనుష్యులను చూచి కొరతను క్రౌర్యమనుకొనెను. ఇరువురును చూచినది నిజమే. అబద్ధము చూపులో లేదు. ఆ చూపునకు ముందువెనుకలు లేకపోవుటలో నున్నది. మృగముల విషయమున ఈ పొరపాటు ఒక ముచ్చటగ మిగిలిపోవును. మనుష్యుల విషయమున అది ఒక జాతికి ఏబది యేండ్ల అపకీర్తి యైనది. లోకమున ఎన్నడైన స్వార్థమునకు ఉదాహరణ కావలసివచ్చినప్పుడు, అచ్చటికి పోనివారు, ఆ భాష విననివారు, ఇక్ పేరు చెప్పుట వాడుకయైపోయెను. చూపు దేనిని విరువదని మొదట చెప్పిన వాదమునకు ఇంతకన్న ఖండనము అక్కరలేదు.

ఐతే ఎదుటిపక్షమును వినకుండ తీర్పు చెప్పుట పాడి కాదు. ఉద్యానమే లేకున్న ఏమయ్యెడిది? ఈ ప్రశ్నకు ఉగాండా చరిత్రయే కఠినమైన సమాధానమిచ్చినది. 1971 నుండి 1979 వరకు సాగిన ఇదీ అమీన్ పాలనలో దేశమంతట మృగసంపద తుపాకులకు ఆహుతి యాయెను. అతడు పడిపోయిన 1979లో మొరోటో సైనికస్థావరపు ఆయుధాగారమును కాపలా లేక విడిచిపోగా, అచ్చటి తుపాకులు పశుపాలకుల చేతబడినవి. ఈటెలతో సాగిన దాడులు తుపాకులతో సాగినవి. 1980లో కరమోజాను పీడించిన క్షామము ఆ శతాబ్దపు ఘోరక్షామములలో నొకటి. ఆ దినములలో ఎవనికి ఏది దొరకిన అదియే భోజనము, ఏది అమ్ముడుపోయిన అదియే వర్తకము. ఉగాండాలో అడవి ఖడ్గమృగములు 1980 దశకపు తొలినాళ్ళకే పూర్తిగ అంతరించినవి. కిడెపోలో జిరాఫీలు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మిగులగా, 1997లో కెన్యా నుండి కొన్నిటిని తెచ్చి విడువవలసి వచ్చెను. గీచిన ఎల్లయు, కాపున్న రక్షకులును ఉండియే ఇంతటి నష్టము కలిగినది. అవియు లేకున్న నేడు మందలుమందలుగ తిరుగు దున్నలు, ఏనుగులు కథలలో మాత్రమే యుండెడివి. ఆ కాపలాలో ప్రాణములు కోల్పోయినవారు కలరు; వారును పేదయిండ్ల బిడ్డలే.

కనుక మృగములను కాపాడుట తప్పని చెప్పుటకు వీలులేదు. నోరులేని జీవికి న్యాయస్థానము లేదు, ఓటు లేదు, కరవుసాయము లేదు. సకల ప్రాణులయందును దయయే ధర్మమునకు మూలమని బసవేశ్వరుని మార్గమున నడచువారికి ఇది వేరుగ బోధింపనక్కరలేదు. కాని ఆ సకల ప్రాణులలో ఇక్ తల్లియు, ఆమె బిడ్డయు చేరుదురు. తప్పు జరిగినది కాపాడుటలో కాదు, ఆ కాపుదల ఖర్చును ఎవరి నెత్తిన వేసిరో అందు. ఏనుగు బ్రతుకుట లోకమంతటికి సంతోషము. ఆ సంతోషపు వెలను మాత్రము లోకమున కెల్ల పేదయైన ఒక చిన్న జాతి చెల్లించినది. అడిగి తీసికొన్నదియు కాదు. పదిమంది భోజనము చేసి, వాకిట నిలిచినవానిచేత లెక్క కట్టించినట్లున్నది.

ఇట్లనగా యాత్రికుడు ఒక మాట చెప్పును. ఎల్లలు గీచినది నేను కాను. ఆ నాటికి నేను పుట్టలేదు. పైగా వాకిట రుసుము చెల్లించియే లోనికి వచ్చితిని. ఈ మాటలో సగము న్యాయమున్నది. ఉగాండా వన్యప్రాణి శాసనము ప్రకారము ఉద్యాన ప్రవేశరుసుములో నూటికి ఇరువది పాళ్ళు చుట్టుపట్ల ఊళ్ళకు పోవలెను. ఈ ఏర్పాటు మెచ్చదగినదే. బడిగదులు, నీటిబావులు మొదలగు పనులకు అట్టి సొమ్ము ఉపకరించుచున్నది. ఐతే అది ప్రవేశరుసుములో పాలు మాత్రమే. బసకు, భోజనమునకు, విమానమునకు యాత్రికుడు చెల్లించు సొమ్ము దానికి ఎన్నో రెట్లుండును. అది ఈ లెక్కలోనికి రాదు. వచ్చిన పాలైనను జిల్లా కచ్చేరీల మీదుగ పోవును. కచ్చేరీ మీదుగ పోవు సొమ్ము గట్టు చేరునప్పటికి ఎంత మిగులునో అన్ని దేశములవారికి అనుభవమే. పంట పండువేళ ఏనుగు వచ్చి చేను త్రొక్కిపోయినచో ఆ రాత్రి డప్పు మ్రోగించుచు మేల్కొనియుండునది యాత్రికుడు కాడు.

అసలు చిక్కు సొమ్ము మొత్తములో లేదు. వెలకును ఋణమునకును భేదమున్నది. వెల చెల్లించినవానికి వస్తువుతో సంబంధము తీరిపోవును. సంచి భుజమున వేసికొని వెళ్ళిపోవును. ఋణస్థుడు అట్లు పోజాలడు. అతడు ఎవనికి ఋణపడినాడో ఆ మనుష్యుని పేరు తెలిసికొనియుండవలెను. తండ్రి పొలము అనుభవించు కొడుకు తండ్రి అప్పు నాది కాదనిన ఊరు ఒప్పుకొనదు. అప్పు చేసినది నీవు కావు, నిజమే. కాని గట్టున కూర్చుండి పంట చూచి మురియుచున్నది నీవే కదా యని నిలదీయును. ఖాళీ చేయబడిన లోయ అందమును అనుభవించువాడు, ఖాళీ చేసినది నేను కానని చెప్పి తప్పించుకొనుట ఆ కొడుకు మాటవంటిదే.

ఇది ఎచ్చటిదో దూరదేశపు కథ యని శ్రీశైలయాత్రకు పోవు మన కుటుంబములు తలచుటకు వీలులేదు. నల్లమల అడవిని 1978లో మృగసంరక్షణకు కేటాయించి, 1983లో పెద్దపులుల సంరక్షణ పథకమున చేర్చిరి. మల్లన్నను తమ యింటి అల్లునిగ భావించు చెంచులు ఆ పులులకన్న ముందునుండియు అచ్చటివారే. ఘాటురోడ్డుపై పోవుచు కిటికీలోనుండి అడవిని చూచి నమస్కరించు యాత్రికులలో చెంచుగూడెము లెక్కడెక్కడ ఉండెనో, ఏవి తరలినవో అడిగి తెలిసికొన్నవారు ఎందరు?

మరల కిడెపోకు. 2016లో ఇక్ ప్రజలకు ఉగాండా పార్లమెంటులో తమవాడైన ప్రతినిధి మొదటిసారిగ లభించెను. ఆ దశాబ్దముననే కాథరిన్ టౌన్సెండ్ అను మానవశాస్త్రజ్ఞురాలు ఆ కొండలపై నివసించి, సహచరులతో కలిసి టర్న్‌బుల్ మాటను పరీక్షకు పెట్టినది. పరీక్ష మిక్కిలి సులభము. ఒకనికి కొంత సొమ్మిచ్చి, ఇందులో నీకు తోచినంత ఎదుటివానికి పంచవచ్చును, పంచకపోవచ్చును, నీ యిష్టమని చెప్పుట. ఇట్టి పరీక్ష లోకములో ఎన్నో దేశములందు జరిగియున్నది. 2020లో ప్రకటించిన ఫలితమేమనగా, ఇక్ ప్రజలు పంచినది లోకముననున్న తక్కినవారి సగటుకు తక్కువ కాదు. వారి సంప్రదాయమున అవసరములోనున్నవానికి పెట్టుట విధి. పెట్టక దాచుకొన్నవానిని కంటికి కనబడని శక్తులు దండించునను నమ్మకమును కలదు. ఈ విశ్వాసములను జ్ఞాపకము చేసి అడిగినప్పుడు వారు ఇంకను ఎక్కువ పంచిరి. టర్న్‌బుల్ చూచినది అబద్ధమని వారు చెప్పలేదు. అది ఘోరమైన క్షామమున చూచినదనియు, తిండి దొరకిన పిమ్మట పంచుకొనుట తిరిగి మొలచినదనియు చెప్పిరి. దాసోహమను మాట వినని ఆ కొండపై దాసోహము వంటిది ఒకటి ఉండెను. గింజ లేనినాడు అది అణగియుండెను, గింజ వచ్చినంతనే లేచినది. పెట్టుగుణము చచ్చినదా, పెట్టుటకు లేకపోయినదా యను భేదమును కనిపెట్టలేనివాడు ఎంత చదివినను ఏమి?

నేడు ఉద్యానమునకు వచ్చువారిలో కొందరు రక్షకుని వెంటబెట్టుకొని, మొరుంగోలె వాలులపైకి గంటలకొలది నడచి, ఇక్ పల్లెలకు పోవుచున్నారు. సింహమును చూచితిమి, చీతాను చూచితిమి, ఇక ఇక్ ప్రజలను చూతమని వరుసలో చేర్చుకొని పోవువారు కొందరు. అట్టివారి కెమెరా ముందు నిలుచుట ఆ తల్లులకు కొత్త కాదు. వీరిలోనే ఒక పాటి తెలిసినవారును కలరు. వారు రక్షకుని అడుగుదురు: మీ తాతలు ఏ వైపునుండిరి? ఈ చెట్ల పండ్లు ఎవరు తినెడివారు? ఆ కొండకు ఇక్ భాషలో పేరేమి? కొన్ని ప్రశ్నలకు రక్షకునకు సమాధానము తెలియదు. పల్లెలోని ముసలివారిని అడిగి చెప్పును. అట్లు అడిగినందువలన ఇక్ ప్రజలకు భూమి తిరిగి రాదు. కాని పేరు అడిగినవాడు మరునాడు క్రిందికి దిగి లోయను చూచినప్పుడు, దానిని ఖాళీ యని అనజాలడు.

వచ్చినవారు పల్లెలో ఉండునది గంటో రెండు గంటలో. ప్రొద్దు వాలకముందే దిగవలెను. కంచె లోపల ఆ దినము పిల్లలు నవ్వుచు చుట్టుచేరుదురో, దూరముగ నిలిచి చేతులు చాపుదురో, ముసలివారు తేనె తెచ్చి పెట్టుదురో లేదో, అది చాలవరకు ఆ ఏడు వాన కురిసినదా లేదా యను దానిని బట్టి యుండును.